బడికి బొట్టు

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున నేను అరుగు మీద కూర్చొని రాట్నంతో నూలు కండెలు చుడుతుంటే మా మనవరాలు ఒక కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కాగితం చేతికొస్తే ముందు వెనక్కి తిప్పి చూడడం నాకు అలవాటు. వెనక ఖాళీ ఉంటే దేనికో ఒకదానికి పనికొస్తుంది. ఇవి రెండు వైపులా రంగుల అచ్చు. పైగా ఎంత నున్నగా ఉన్నాయంటే పొయ్యి రాజేయడానికి కూడా సరిగ్గా అంటుకోవు. మీద ఒక పిల్లవాడు మెడకు టై, కాళ్లకు బూట్లు వేసుకొని రాకెట్టు మీద కూర్చొని నవ్వుతున్నాడు. "గీ పిల్లగాడు యాడికి పోతుండు?" అని అడిగాను. "మా బడికి, అవ్వా" అంది. బొమ్మలో పిల్లవాడు నవ్వినంత కూడా ఆమె నవ్వలేదు.

మనవరాలంటే నా కొడుకు బిడ్డ. బీఈడీ చదివింది. సర్కారు టీచరు పోస్టులు పడతాయని ఎదురుచూస్తూ, ఈలోగా గద్వాలలోనే కొత్త కాలనీ వైపు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. ఎండాకాలం సెలవులు అక్కడ పిల్లలకే గాని టీచర్లకు లేవు. ఎండలో వాడవాడా తిరిగి కొత్త పిల్లల్ని చేర్పించాలి. చేర్పించినవాళ్లకే బడులు తెరిచాక మళ్లీ కుర్చీ ఉంటుంది. ఈ మాట ఎవరూ నోటితో చెప్పరు, అందరికీ తెలుసు. ఆమెకు అప్పగించిన వాడ మాదే. "మన మగ్గాల వాడల పిల్లలంత ఇంక సర్కార్ బడికే పోతున్నరు కద అవ్వా, గందుకే నాకిచ్చిండ్రు. ఈసారి తేకపోతే నన్ను ఉంచుకోరు" అంది. అని, అసలు సంగతి బయటపెట్టింది. "ఊకె కాగితం ఇస్తే ఎవ్వరు వినరు. నువ్వు నాతోటి రావాలె. మీ చిన్నాయన చేసినట్టు బొట్టు పెట్టి పిలవాలె."

నా చేతిలో రాట్నం ఆగిపోయింది. ఆ కథ నేను చెప్పిందే. చిన్నప్పుడు ఆ పిల్ల అన్నం తినకుండా మారాం చేస్తే ముద్దకొక ముక్కగా చెప్పేదాన్ని. పిల్లలకు చెప్పిన కథలు ఎక్కడికీ పోవు. ఏదో ఒక రోజు తిరిగొచ్చి మన ఒళ్లోనే కూర్చుంటాయి.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పంతులు. మా ఇంట్లో మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా బతికిన మొదటి మగవాడు ఆయనే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయిన మనిషిలా నడిచేవాడు. ఎర్రజెండా మనిషి. ఎక్కడ పనిచేస్తే అక్కడి పెద్దమనుషులకు ఎదురు చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా బదిలీ అయ్యేది. ఉప్పునుంతల, కోడేరు, వనపర్తి పక్క ఏదో పల్లె; ఆయన సైకిలు తిరిగిన ఊళ్ల పేర్లు వినే పాలమూరు ఎంత పెద్దదో నాకు తెలిసింది. "సర్కార్ నాకు ఉత్తపుణ్యానికి దేశం చూపెడుతుంది వదినా" అని మా అమ్మతో అనేవాడు. ఆయన గదిలో ఒక గడ్డపాయన పటం ఉండేది. మా నాయనమ్మ ఆయనెవరో స్వామి అనుకొని పొద్దున్నే ఊదుబత్తి వెలిగించేది. "వద్దమ్మా, ఆయన దేవుడే లేడన్నోడు" అని చిన్నాయన తల పట్టుకుంటే, "లేడన్నోనికి ఒక ఊదుబత్తి ఎక్కువైతదార?" అని ఆమె వెలిగించనే వెలిగించేది. నేనైతే ఊదుబత్తి ఖర్చు ఒప్పుకునేదాన్ని కాదు గాని, ఆ మాటకు మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

తిరిగి తిరిగి ఆయన ఒకసారి మా వాడ బడికే వచ్చిపడ్డాడు. కోట వెనక రెండు గదుల బడి. పంతులున్నాడు, గంట ఉంది, నల్లబల్ల ఉంది, పిల్లలే లేరు. పిల్లలంతా మగ్గాల పక్కన ఉన్నారు. మా గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచుకు పట్టు. రెండు దారాలూ వేరు కాబట్టి అంచుకు దారం మోసే నాడె కూడా వేరే కావాలి. ఆ నాడె అందించడానికి నేసే మనిషి పక్కన ఇంకొక మనిషి కావాలి. ఆ ఇంకొక మనిషి ప్రతి ఇంట్లోనూ పిల్లే. మా ఇంట్లో నేను. మా నాయన నూలు నాడె వేయడం, నేను పట్టు నాడె వేయడం, రెండు దారాలూ ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకోవడం. పొద్దంతా అదే పని. గంజి వాసన, మగ్గం దడదడ, మధ్యలో నిద్ర తూగితే నెత్తి మీద మా నాయన మొట్టికాయ. పిల్ల బడికి పోతే అంచు ఆగుతుంది. అంచు ఆగితే చీర ఆగుతుంది. ఇంతకన్నా పెద్ద లెక్క మా వాళ్లకు అవసరం లేకపోయింది.

చిన్నాయన మొదట మాటలతో మొదలుపెట్టాడు. సాయంత్రం అరుగు మీద చాయ తాగుతూ చెప్పేవాడు. "బడి అంటె ఏందనుకుంటుండ్రు? బడి పెట్టేటోడు తనకు పనికొచ్చేటోళ్లనే తయారు చేస్తడు. గంటకు లేవాలె, గంటకు కూసోవాలె, అడిగితేనే నోరు తెరవాలె. మన చీరనే చూడుండ్రి. నూలు, పట్టు ఒక్క మగ్గం మీదనే నేస్తం. నేసినంక నూలు పట్టయితదా? కాదు. బడిల గూడ గంతే. ఉన్నోని పిల్లలు, లేనోని పిల్లలు ఒక్క కప్పు కిందనే కూసుంటరు, యాడోళ్లు ఆడికే పోతరు." అందరూ శ్రద్ధగా విని, మంచిగా చెప్పిండు సారు అని తల ఊపేవారు. మా నాయన మాత్రం బీడీ ఆర్పి, "మరి గసుంటి బడికి మా పిల్లలెందుకురా? నా పిల్ల నీ బడిల కూసుంటె అంచు ఎవడేస్తడు, నీ ఎర్రజెండా వచ్చి ఏస్తదా?" అనేవాడు. అరుగంతా నవ్వేది. చిన్నాయన కూడా నవ్వేవాడు. ఓడిపోయినప్పుడు ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

బొట్టు ఆలోచన ఆయనకు ఎవరి పెళ్లి పిలుపు చూసి వచ్చిందో తెలియదు. మా దగ్గర కాగితం మీద అచ్చు వేసిన పిలుపు పిలుపే కాదు. ఇంటి ఆడవాళ్లు కుంకుమ బరిణె పట్టుకొని గడపగడపకూ పోయి, ఇల్లాలి నొసట బొట్టు పెట్టి రమ్మనాలి. బొట్టు వద్దనడం లేదు. తీసుకున్నాక రాకపోవడమూ లేదు. ఇంకొకటి, వాడలోకి బొట్టుతో దిగితే ఒక్క గడప కూడా వదలకూడదు. ఎప్పుడో ఒక పెళ్లిలో ఒక ఇంటిని మరిచిపోయినందుకు ఆ రెండిళ్లవాళ్లు తరం మారినా మాట్లాడుకోని వాడ మాది. "బొట్టుల నాకు నమ్మకం లేదు. జనానికి ఉంది కద, చాలు" అని చిన్నాయన మా చిన్నమ్మను బయలుదేరదీశాడు. తోడుగా నన్ను. నాకున్న ఒకే ఒక మంచి లంగా కట్టుకొని, ఇత్తడి బరిణె రెండు చేతులా పట్టుకొని నేను ముందు, చిన్నమ్మ వెనక. "ఎవరి పెండ్లి పిల్లా?" అని అడిగితే నాకు నేర్పిన మాట చెప్పాలి. "బడి పెండ్లి. రేపు పొద్దుగాల పిల్లలతోటి రావాలె." ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వుతూనే నొసలు వంచారు. మాకూ వాళ్లకూ మాటల్లేని ఇంటి ముందు నేను ఆగితే చిన్నమ్మ వీపు మీద తట్టి లోపలికి తోసింది. ఆ ఇల్లాలు మొహం గంటు పెట్టుకునే బొట్టు తీసుకుంది. సాయంత్రం ఆ సంగతి చెబితే చిన్నాయన ఎంతో సంబరపడ్డాడు. "మన వాడల సమానమంటె ఇదొక్కటే పిల్లా. బొట్టుకు గడప ఇడువరు."

మరునాడు వాడంతా బడికి వచ్చింది. పిల్లలకు తలంట్లు పోసి, జడలు వేసి, పెళ్లికి తెచ్చినట్టే తెచ్చారు. ఒక ముసలమ్మ కట్నంగా కొబ్బరిచిప్ప తెచ్చి, ఎవరి చేతిలో పెట్టాలో తెలియక గంట కింద పెట్టిపోయింది. మా అమ్మ కూడా మా చిన్నమ్మ చేతి బొట్టు తీసుకుంది కాబట్టి మా నాయన పళ్లు కొరుక్కుంటూ నన్ను వదిలాడు. ఆ రోజు నేను నల్లబల్లకు దగ్గరగా కూర్చున్నాను. పలక మీద తుడిచిన తడి ఆరుతుంటే వచ్చే వాసన ఇప్పటికీ నాకు కొత్త చీర వాసన కంటే ఎక్కువ.

మా అమ్మది రాయచూరు వైపు ఊరు. కోపం వచ్చినా, అనుమానం వచ్చినా ఆమె నోట కన్నడ మాట దొర్లేది. ఒక సాయంత్రం చాయ ఇస్తూ అడిగింది. "బడి నౌకర్లనే తయారు చేస్తదని నువ్వే అంటివి. మళ్ల మా పిల్లను గాడికే ఎందుకు గుంజుతున్నవు మరిదీ?" చిన్నాయన గ్లాసు కింద పెట్టాడు. "నిజమే వదినా. ఎవరి పిల్ల యాడ కూసోవాల్నో ఆడ ముందే రాసిపెట్టి ఉంటది. లోపలికి పోతేనే కద, గా రాత ఎవడు రాసిండో చదవనీకి వచ్చేది." మా అమ్మ ఆలోచించి, "సరే, చదివింది. ఆమేలె?" అంది. ఆమేలె అంటే, ఆ తర్వాత, అని. అన్నిటికీ జవాబున్న చిన్నాయన దానికి మాత్రం గ్లాసు వైపు చూశాడు. చాయ మీద మీగడ కట్టింది. ఆయన తాగలేదు. నాకు పాడైన చాయే ముందు గుర్తుంది, ప్రశ్న తర్వాత గుర్తొస్తుంది.

నేను రెండో తరగతిలో ఉండగానే ఆయనను ఎక్కడో లింగాలకు బదిలీ చేశారు. సైకిలు వెనక పటం కట్టుకొని పోయాడు. "పిలిచినోడే పోయినంక పిలుపుకేం ఇలువ" అని మా నాయన నన్ను మళ్లీ మగ్గం పక్కన కూర్చోబెట్టాడు. కానీ బడి ఆగలేదు. కొందరు పిల్లలు మిగిలారు, వాళ్ల పిల్లలు వచ్చారు. నా కొడుకు అక్కడే చదివాడు, మనవరాలు కూడా ఐదో తరగతి దాకా అక్కడే. రెండు గదులు నాలుగయ్యాయి. పొయ్యి పెట్టి మధ్యాహ్నం అన్నం వండుతున్నారు.

ఇప్పుడు ఆ బడి పిల్లల్ని రాకెట్టు బొమ్మ బడికి పిలవాలి. అదీ బొట్టు పెట్టి.

"గా బడికే నేను బరిణె మోసిన. గిప్పుడు దాన్ని ఖాళీ చేయనీకి మోయాల్నా?" అన్నాను. గట్టిగానే అన్నాను, నాకు మెల్లగా అనడం రాదు. మనవరాలు కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండు. "నాకు తెల్వదా అవ్వా? బడి ఉన్నోళ్లను ఉన్నోళ్ల లెక్క, లేనోళ్లను లేనోళ్ల లెక్కనే తయారు చేసి పంపుతదని మార్క్సిస్టులు ఏమంటరో పరీక్షల పేజీలు పేజీలు రాసిన. అన్నిట్లకంటె గా పేపర్లనే నాకు మార్కులు ఎక్కువొచ్చినయ్."

"వచ్చినయ్. గిప్పుడేంది?"

"గిప్పుడు అడ్మిషన్లు రావాలె."

నాకున్న ఆఖరి అడ్డు వేశాను. నా మొగుడు పోయినప్పటి నుంచి నేను ఎవరికీ బొట్టు పెట్టను, మా వాళ్లలో పెట్టకూడదు. "అమ్మ పెడతది. నువ్వు పక్కన నిలబడు, చాలు. నిన్ను చూసి కాదనరు" అంది. ఆమె తల్లి, నా కోడలు, అప్పటికే అటక మీది బరిణె దించి చింతపండుతో తోముతోంది. పాత సామాను పారేయడం నాకు చేతకాదని ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. పారేసి ఉంటే ఈ రోజు తప్పేది.

ముగ్గురం బయలుదేరాం. మొదటి ఇల్లాలు బొట్టు పెట్టకముందే ఒప్పుకుంది. "మా పోరడు టై కావాలని ఒక్కటే ఏడుస్తుండు పెద్దమ్మా. పెద్దరోడ్డు మీద పిల్లలు మీ బడి పచ్చబస్సు ఎక్కుతుంటె సంచి ఏసుకొని ఎనక ఉరుకుతడు" అంది. బస్సు వెనక ఉరికే ఆ పిల్లవాడు నా కళ్లకు కట్టాడు, మనవరాలి మొహంలో మాత్రం వెలుగు వచ్చింది. ఆ రెండూ ఒక్కసారే చూడాల్సి వచ్చింది. తర్వాతి ఇంట్లో గుంటలో కూర్చొని నేస్తున్న మనిషి నాడె ఆపి పైకి చూశాడు. "ఏం పెద్దమ్మా! మా నాయిన చెవి పట్టుకొని సర్కార్ బడికి గుంజుకపోయింది మీ చిన్నాయననే. గిప్పుడు మీరొచ్చి ఆడికెళ్లి గుంజుకపోతుండ్రు. మీ ఇంటోళ్లకు మా చెవులంటె గింత పావురం, గింత ప్రేమ ఏంది?" అన్నాడు. భార్య నవ్వాపుకుంటూ నొసలు ముందుకు చాపింది. అతను మళ్లీ అడిగాడు, ఈసారి ఎగతాళి లేకుండా. "సర్కార్ బడి సార్ల పిల్లలే మీ బడిల చదువుతున్నరంట కద. మరి మా పిల్లలు ఆడనే ఎందుకుండాలె, చెప్పు." సారు పిల్లలు పోయే చోటికే తన పిల్లా పోవాలనుకోవడం తప్పా? నా పక్కన నిలబడ్డ బీఈడీ కట్టలోంచి ఒక కాగితం తీసి మగ్గం పక్కన పెట్టింది.

వాడ మలుపు తిరిగాక నా కాళ్లు ఆగాయి. ఎదురుగా ఉన్న ఇల్లు సర్కారు బడిలో అన్నం వండే ఆమెది. వరసకు నాకు కోడలవుతుంది. మొగుడు వలసపోయి మళ్లీ రాలేదు, ఒక్కతే బిడ్డ. బడిలో తినే నోళ్లు ఎన్నుంటే ఆమె పొయ్యికి అంత బలం. వాటినే మేము పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగి తగ్గిస్తున్నాం. "ఈ ఇల్లు ఇడిసిపోదం" అంది మనవరాలు మెల్లగా. నా కోడలు ఆమె వైపు వింతగా చూసింది. "బొట్టుతోటి తిరుగుతూ గడప ఇడుస్తరా? ఆమె ఏం పాపం చేసింది?" అంది. ఉత్త కాగితాలతో వచ్చి ఉంటే దాటిపోయేవాళ్లం. పెద్ద తెలివి చేసి బొట్టుతో వచ్చాం. విడిస్తే ఆమెను వాడలోంచి వెలివేసినట్టు. పిలిస్తే ఆమె పొయ్యిలో నీళ్లు పోయడానికి ఆమెనే రమ్మన్నట్టు. చిన్నాయన ఉంటే ఏమనేవాడో అని వెతుక్కున్నాను. చాయ గ్లాసు తప్ప ఏమీ కనబడలేదు.

మా గొడవ విని ఆమే బయటికి వచ్చింది. చేయి కొంగుకు తుడుచుకుంటూ అందరినీ చూసింది, బరిణెను చూసింది, మనవరాలి చేతిలో కాగితాలను చూసింది. ఆమెకు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. "పొద్దుగాల నుంచి మీరొస్తరని ఇంటున్న అత్తమ్మా. పిల్లలంత పోతె నేను ఎవరికి వండాలె?" అంది. నేను నోరు తెరిచాను. వాడలో ఎవరికైనా బుద్ధి చెప్పగలనని పేరున్న దాన్ని, "ఎండల నిలబడకు, లోపలికి పా" అని మాత్రం అనగలిగాను. ఆమె లోపలికి పోలేదు. నా కోడలు చేయి బరిణె మీదే ఆగిపోతే, "కానీ అక్కా. బొట్టు వద్దంటరా ఎవరన్న" అని తనే కొంగు నెత్తి మీదికి లాక్కొని నొసలు వంచింది. బొట్టు పెట్టించుకున్నాక మనవరాలి వైపు తిరిగి, "మా పిల్లకు ఇంగ్లీషు రాదు బిడ్డా, జర చూసుకో" అంది.

మనవరాలి కొలువు నిలబడింది. బడులు తెరిచాక పచ్చబస్సు మా వాడ మలుపు దాకా వస్తోంది. మా వాడ నుంచి పోయిన పిల్లలందరినీ ఆ బడిలో వేరే సెక్షన్‌గా కూర్చోబెట్టారట, మిగతావాళ్లతో కలిపితే వాళ్ల చదువు వెనకపడుతుందని. ఆ సెక్షన్ చెప్పేది మా మనవరాలే. ఆమెదీ తెలుగు మీడియమే కదా, అందుకని. ఒకే కప్పు కింద నూలు ఒక గదిలో, పట్టు ఒక గదిలో. వంట చేసే ఆమె పెద్ద గంజు కడిగి బడి వరండాలో బోర్లించింది. మిగిలిన కొద్దిమందికి చిన్న గిన్నెలో వండుతోంది. మా వాడ సర్కారు బడిని ఇంకో బడిలో కలుపుతారని అంటున్నారు. అక్కడ వండితే వచ్చింది బిడ్డ బస్సుకు, ఫీజుకు పోస్తోంది. ఎప్పుడైనా ఎదురుపడితే, "మీ బడిల ఆయా పనన్న ఉందేమో అడుగు అత్తమ్మా" అంటుంది. అడుగుతానంటాను. మనవరాలు అడిగింది కూడా. చూద్దామన్నారట.

మొన్న ఆదివారం మనవరాలు అరుగు మీద ఆ సెక్షన్ పిల్లల పుస్తకాలు దిద్దుతుంటే పక్కన కూర్చున్నాను. ఎర్రసిరా చాలా ఖర్చవుతోంది. ఊరుకోలేక అడిగాను. "గా రాత ఎవరు రాసిండ్రో నువ్వయితె చదివినవు కద. ఆమేలె?" ఆ మాట మా అమ్మదని ఆమెకు తెలియదు. తల ఎత్తకుండానే, "ఏమో అవ్వా, ఎండాకాలం వస్తె మళ్ల తిరగాలె కద" అంది. నేను లేచి లోపలికి పోయి బరిణె మూత తీసి చూశాను. ఎన్నాళ్లు దాచినా కుంకుమ ఎరుపు తగ్గదు. అడిగిన మా అమ్మ పోయింది, జవాబు చెప్పాల్సిన చిన్నాయన పోయాడు, కుంకుమ మాత్రం సగానికి పైగానే ఉంది. వచ్చే ఎండాకాలానికి కూడా సరిపోతుంది.